కొండమీద ఒంటి బూటు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఎలుగుబంటి లేదు. నన్ను ఎరిగినవాళ్ళు జపాన్ కొండ అనగానే ఎలుగుబంటి ఎప్పుడొస్తుందా అని కుర్చీ ముందుకు జరుపుకుంటారు. వాళ్ళ తప్పేమీ లేదు. కూరగాయలకని బజారుకు వెళ్ళినా దారిలో నాకు ఏదో ఒక జంతువు ఎదురుపడాల్సిందే. కానీ ఇది నిజంగా జరిగిన సంగతి. ఎంత నిజమంటే, చెప్పేటప్పుడు నాకే కాస్త చప్పగా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పేరు చెప్పి అమీర్‌పేట అంతా పొద్దున్నే లేచి తల దువ్వుకునే రోజులవి. నేను అక్కడే ఒక హాస్టల్లో నాలుగో అంతస్తులో ఉండేవాణ్ణి. లిఫ్టు లేదు. మెట్ల పక్క గోడ మీద సున్నం కనిపించకుండా కోచింగ్ సెంటర్ల కాగితాలు అంటించి ఉండేవి. పైకి ఎక్కేసరికి మనిషికి ఆయాసంతో పాటు రెండు మూడు కంప్యూటర్ భాషలు కూడా వచ్చేసేవి. ఆఫీసు పంజాగుట్టలో. పక్కపక్కనే ఉన్నట్టుండే ఈ రెండు చోట్ల మధ్య ట్రాఫిక్ ఎలా ఉండేదంటే, ఒకసారి చౌరస్తాలో బస్సు ఆగిపోతే కిటికీ పక్క సీటావిడ విసుగుపుట్టి డబ్బాలో వంకాయ విత్తనం నాటి, కాపు కోసుకుని మరీ దిగిందని నేను ఆఫీసులో చెప్పాను. అందరూ నవ్వారు. ఒక్కామె మాత్రం నవ్వలేదు.

"ఏ వంకాయలండీ? పొడుగువా, గుండ్రంవా?" అంది.

"గుండ్రంవేనండి."

"అదీ సంగతి. పొడుగువైతే పంజాగుట్ట వచ్చేలోపు కాసుండేవి కావు," అని తన పని చూసుకుంది.

నేను పడిపోయింది అక్కడే.

ఆమె మా ఆఫీసులో వీసాలు, టిక్కెట్లు, విదేశాల నుంచి వచ్చే పార్సిళ్ళు చూసేది. కోస్తా నుంచి వచ్చి శ్రీనగర్ కాలనీలో స్థిరపడిన ఇల్లు వాళ్ళది. మా ఇల్లు తెలంగాణలో, వాన పడితే సేద్యం, లేకపోతే దేవుడి మీద కోపం. సాయంత్రం ఆఫీసు వదిలాక పంజాగుట్టలో ఒక ఇరానీ హోటల్లో పాలరాతి బల్ల దగ్గర కూర్చుని చాయ్ తాగేవాళ్ళం. నేను చెప్పేవాణ్ణి, ఆమె వినేది. మా ఊళ్ళో బర్రె పక్కన పిడుగు పడితే ఆ పూట అది పాలకు బదులు గడ్డపెరుగే ఇచ్చిందని చెప్పినప్పుడు, తోడు ఎవరు వేశారని అడిగింది. అలాంటి మనిషి దొరకడం కష్టం.

ఆఫీసు పని మీద నేను జపాన్ వెళ్ళబోయే ముందు ఒక సాయంత్రం ఆమె చాయ్ చల్లారేదాకా ముట్టుకోలేదు.

"నిన్న మా అమ్మ అడిగింది, ఆ అబ్బాయికి అన్నదమ్ములెంతమందీ అని. మీరు ఒకసారి ఇద్దరన్నారు, ఇంకోసారి ఐదుగురన్నారు. నేనేం చెప్పను?"

"ఇద్దరేనండి. మిగిలిన ముగ్గురూ కథకోసం వచ్చిండ్రు."

"నవ్వకండి. నాన్నగారు ఒక సంబంధం చూస్తున్నారు. మీ గురించి చెప్పాలంటే నాకే ఏది నిజమో తెలీదు. ఆయన దగ్గర ఒక్క మాట తప్పయిందంటే ఇక మళ్ళీ వినరు." చాయ్ మీద కట్టిన మీగడను చెంచాతో పక్కకు నెట్టింది. "జపాన్ నుంచి వచ్చాక నాకు ఒక్కటి చెప్పండి. మొదట్నుంచి చివరిదాకా నిజం. నడుమ ఒక్క ముక్క కలిపినా నాకు తెలిసిపోతుంది. అది చెప్పగలిగితే నాన్నగారితో నేను మాట్లాడతాను. లేదంటే ఆ సంబంధం వాళ్ళని రమ్మంటారు, నేను చీర కట్టుకుని కూర్చుంటాను. అంతే."

హాస్టల్‌కి వచ్చి నా రూమ్మేట్‌కి ఈ మాట చెబితే వాడు మంచం మీద పడి దొర్లాడు.

"ఒక్క నిజమా? గంత కఠినమా? ఇగ నీ లగ్గం గానట్టే అన్నా. ఆమెకు మస్తు తెలివుంది. వద్దనకుండ వద్దన్నది సూడు!"

*

జపాన్‌లో నేను నిజం కోసం వెతికినంతగా ఇంకెవరూ వెతికి ఉండరు. పొద్దున రైలెక్కాను, సాయంత్రం రైలెక్కాను. నడుమ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇదంతా అచ్చమైన నిజమే. ఇది చెబితే పెళ్ళి సంగతి తర్వాత, ఆమె చాయ్ కప్పు మీదే తలవాల్చి నిద్రపోతుంది.

అక్కడ మా పని చూసే ఒక పెద్దాయన ఉండేవాడు. రిటైరవడానికి దగ్గర్లో ఉన్నాడు. సన్నగా, పొట్టిగా, ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టుండేవాడు. నా పేరు నోరు తిరగక నన్ను 'హైదరాబాద్ సాన్' అనేవాడు. సాన్ అంటే మన గారు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటుతూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నడిచేవి. మొదటి రోజే నా హాబీ ఏమిటని అడిగాడు. అమీర్‌పేట ఇంగ్లీషు క్లాసులో మా సారు ఒక సంగతి మా బుర్రల్లో మేకు కొట్టి దించారు: హాబీ అడిగితే టీవీ అనొద్దు, నిద్ర అనొద్దు, ట్రెక్కింగ్ అనండి, ఎవడూ వెంటబెట్టుకుని వెళ్ళి చూడడు. ఆ బ్యాచ్‌లో అందరం ట్రెక్కింగే. నేనూ అదే అన్నాను.

ఈయన వెంటబెట్టుకుని వెళ్ళాడు.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే రైలు దిగి కొండ అడుగున నిలబడ్డాం. ఆ కొండ పేరు చెప్పను. చెబితే మీరు వెళ్ళి చూస్తారు, చూస్తే నా కష్టం మీకు సగమే కనిపిస్తుంది. మన గోల్కొండ లాంటి కొండ కాదు, అలాగని హిమాలయమూ కాదు. కేబుల్ కారు ఒక వైపు నుంచి నడికొండ దాకా వెళ్తుంది, బస్సు రెండో వైపున ఆగుతుంది, మధ్యలో దేవదారు చెట్లు, పైన శిఖరం, శిఖరానికి కాస్త కింద ఒక గుడి. ఆకాశం బాగుంటే పై నుంచి ఫ్యూజీ కొండ ఎదురుగా కనిపిస్తుందట. నా పథకం ఏమిటంటే, ఫ్యూజీని ఫోటో తీసుకుని, ఆ ఫోటో బల్ల మీద పెట్టి నిజం చెప్పడం. రీలు కెమెరా మెడలో వేసుకున్నాను. తలకి అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద కొన్న మంకీ క్యాప్. కాళ్ళకి పంజాగుట్టలో కొన్న నల్ల బూట్లు. ఆఫీసుకీ పెళ్ళికీ రెంటికీ పనికొస్తాయని దుకాణం అతను హామీ ఇచ్చాడు. కొండ గురించి నేనూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

పెద్దాయన నా బూట్ల వంక చూసి, "ఇవి కొండెక్కే బూట్లా?" అన్నాడు.

"హైదరాబాద్ కొండలకు ఇవే."

ఆయన గౌరవంగా తల వంచాడు.

పొగమంచు మొదలైంది చెట్లలోకి అడుగుపెట్టగానే. ఇడ్లీ పాత్ర మూత తీయగానే ముఖానికి కొట్టే ఆవిరి ఉంటుంది చూడండి, అది చల్లగా, అసలు ఆగకుండా కొడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ముందు నడుస్తున్న పెద్దాయన నడుము దాకా ఉన్నాడు, పైన లేడు. ఆయన సంచికి చిన్న గంట వేలాడుతూ టింగు టింగుమంటోంది. ఆ శబ్దం పట్టుకుని నేను వెనక నడిచాను. దారి పక్కన మోకాలెత్తు రాతిబొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఎర్ర ఉన్ని టోపీ, మెడకి చంటిపిల్లలకి కట్టే ఎర్ర గుడ్డ. నా మంకీ క్యాప్‌ని చూసి అవి నన్ను తమలో ఒకడిగా లెక్కేసుకున్నట్టే అనిపించింది.

"ఆ గంట దేనికి?" అన్నాను, మాట కలిపితే కాస్త ఆగుతాడని.

"ఎలుగుబంటికి."

నా కాళ్ళు ఆగాయి. ఆయన వెనక్కి తిరిగి ధైర్యం చెప్పాడు. "భయం లేదు. మనిషి వస్తున్నాడని గంట వింటే అది తప్పుకుంటుంది. పైగా చలికాలంలో ఎలుగుబంట్లు నిద్రపోతాయి."

"నిద్రపోతే మరి గంటెందుకు?"

ఆయన సంచికి గంట గట్టిగా ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. "నిద్ర పట్టనిది ఒకటుంటుంది కదా," అన్నాడు.

అక్కడి నుంచి నేను ఆ గంటకి జానెడు దూరంలోనే నడిచాను. నాలుగో అంతస్తు హాస్టలూ పంజాగుట్ట చౌరస్తా దాటడమూ తప్ప నాకు వేరే కొండల అనుభవం లేదు. ఊపిరి బుస కొడుతోంది. వెనక నుంచి మా నాయనమ్మ ఈడు ముసలమ్మలు కొందరు కబుర్లు చెప్పుకుంటూ వచ్చి, నాకు నవ్వుతూ నమస్కారం పెట్టి, దాటి, మంచులో కలిసిపోయారు. వాళ్ళలో ఒకావిడ నా చేతిలో చాక్లెట్ పెట్టి వెళ్ళింది. శిఖరానికి కాస్త ఇవతల, చుట్టూ మనిషి వాసన లేని చోట, దీపాలు వెలిగించుకుని ఒక మిషన్ నిలబడి ఉంది. నాణెం వేస్తే డబ్బాలో వేడి వేడి కాఫీ ఇచ్చింది. ఇన్నాళ్ళూ నేను చెప్పిన అబద్ధాలన్నీ ఈ దేశంలో జరుగుతున్నాయని అప్పుడు తెలిసింది.

శిఖరం మీద ఒక పెద్ద బోర్డు ఉంది. ఎదురుగా ఏయే కొండలు కనిపిస్తాయో దాని మీద బొమ్మ గీసి ఉంది. ఎదురుగా మాత్రం తెల్లటి దుప్పటి. జనం వరసలో నిలబడి, తమ వంతు రాగానే ఆ తెలుపు ముందు నిలబడి ఫోటో దిగుతున్నారు. పెద్దాయన నన్ను అంచుకు తీసుకెళ్ళి చెయ్యి చాపాడు. "అదిగో ఫ్యూజీ. చాలా బాగుంది."

"చాలా బాగుంది," అన్నాను. రీలు అయిపోయేదాకా తీశాను.

*

కాస్త కిందికి దిగితే గుడి వచ్చింది. ఎర్ర స్తంభాల ద్వారం, రాతి మెట్లు, మెట్ల మీద గడ్డకట్టిన మంచు. పెద్దాయన ముందు వెళ్ళిపోయాడు. నేను ద్వారం దగ్గర ఆగాను. గుడి అంటే గుడే, జపాన్ అయితేనేం. బూట్లు విప్పాను.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. కొత్త చెప్పులతో గుడికి వెళ్ళినవాడు జతను జతగా విడవడు. ఒకటి ఒక మూల, ఇంకోటి వేరే మూల పెడతాడు. జత దొరికితేనే కదా దొంగకి ఉపయోగం. ఒంటి చెప్పు ఎవడికి కావాలి? నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నేను చెప్పులు ఇలాగే కాపాడుకున్నాను. కాబట్టి కుడి బూటు ద్వారం స్తంభం మొదట్లో పెట్టాను. ఎడమది తీసుకుని మంచులో తడుముకుంటూ వెళ్ళి, రెండో వైపు దిగే దారి పక్కన ఒక మనిషెత్తు రాతి దీపస్తంభం వెనక పెట్టాను. ఒక దాని దగ్గర నిలబడితే ఇంకోటి కనిపించదు. భద్రం అనుకున్నాను.

మేజోళ్ళతో మెట్లెక్కి వెళ్ళేసరికి పెద్దాయన తాడు లాగి గంట కొట్టి, రెండు చప్పట్లు చరిచి, కళ్ళు తెరిచాడు. నా పాదాలను చూశాడు. చాలాసేపు చూశాడు.

"హైదరాబాద్ సాన్. బూట్లు?"

"బయట విడిచాను. దేవుడు కదా."

ఆయన ముఖంలో ఏదో కదిలింది. అక్కడే వంగి తన బూట్ల తాళ్ళు విప్పి, వాటిని చేత్తో పట్టుకుని, నా పక్కన మేజోళ్ళతో నిలబడి మళ్ళీ మొదటి నుంచి దండం పెట్టాడు. అది చూసి అక్కడున్న ముసలమ్మలు కూడా విప్పారని రాయడానికి నా చెయ్యి దురదపెడుతోంది. విప్పలేదు. పక్కకు తప్పుకుని నిలబడ్డారు, అంతే.

తిరిగి వచ్చేసరికి స్తంభం దగ్గర బూటు లేదు. దీపం వెనకా లేదు.

నిజం చెప్పొద్దూ, నాకు మొదట కలిగింది సంతోషం. ఇంత దూరం వచ్చినా దేవుడి గుమ్మంలో బూట్లు కొట్టేసేవాడు ఉన్నాడంటే ఏదో మనవాళ్ళ మధ్యే ఉన్నట్టనిపించింది. కానీ పెద్దాయన ముఖం పాలిపోయింది. తన దేశంలో, గుడి దగ్గర, అతిథి బూట్లు! గుడి చూసుకునే పూజారి దగ్గరికి పరుగెత్తాడు. వాళ్ళిద్దరూ తలలు వంచుకుంటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. వచ్చి నాకు వివరించాడు.

దొంగ లేడు. కుడి బూటు చూసిన ఒకావిడ, పాపం ఎవరి సంచిలోంచో జారిపోయిందనుకుని, పోగొట్టుకున్నవాళ్ళకు దొరకాలని దాన్ని మోసుకుంటూ కేబుల్ కారు స్టేషన్‌లో ఇవ్వడానికి దిగిపోయింది. ఎడమ బూటు ఇంకొకాయనకు కనిపించింది. ఆయనా అలాగే అనుకుని, రెండో వైపున పోలీసులకు అప్పగించడానికి దిగిపోయాడు.

"జతగా ఉంటే ఎవరూ ముట్టుకోరు," అన్నాడు పెద్దాయన, దుఃఖంగా. "మనిషి దగ్గర్లోనే ఉన్నాడని తెలుస్తుంది. ఒక్కటే ఉంటే, అది పోయినట్టు. మీరు విడివిడిగా ఎందుకు పెట్టారు?"

దొంగల నుంచి కాపాడుకోవడానికి అని ఆయనకు ఎలా చెప్పను? "మా ఆచారం," అన్నాను. ఆయన దానికీ తల వంచాడు.

ఇప్పుడు దిగాలి. కింద మంచు, పైన మంచు, మధ్యలో తడిసిన మేజోళ్ళు. పూజారి గుడి పక్కకు వెళ్ళాడు. అక్కడ ఒక కొయ్యకు వరిగడ్డితో అల్లిన చెప్పులు గుత్తులుగా వేలాడుతున్నాయి. కాళ్ళు బాగుండాలని మొక్కుకున్నవాళ్ళు దేవుడికి కట్టేవట. పూజారి దేవుడి వైపు తిరిగి చప్పట్లు చరిచి, అడగవలసింది అడిగి, ఒక జత విప్పి నా ముందు పెట్టాడు. అలా నేను దేవుడి చెప్పులు వేసుకుని కొండ దిగాను. ఆ గడ్డి మంచుని పట్టుకున్నట్టు నా పెళ్ళిబూట్లు ఏనాడూ పట్టుకోలేదు. దిగేసరికి ఆ చెప్పులు పోచపోచగా ఊడిపోయాయి. పెద్దాయన ఒక్క పోచ కూడా వదలకుండా ఏరి, గుడికి తిరిగి ఇవ్వాలని సంచిలో పెట్టుకున్నాడు.

కేబుల్ కారు స్టేషన్‌లో నా కుడి బూటు అరలో కూర్చుని ఉంది. తడి ఆరాలని లోపల పాత పేపర్ ఉండలు చుట్టి కుక్కారు. ఎడమది ఆ రోజు దొరకలేదు. అది వేరే జిల్లా పోలీసుల లెక్కలోకి పోయింది. పెద్దాయన కనుక్కుంటానన్నాడు. కనుక్కోవడమంటే మామూలుగా కాదు. ప్రతి సోమవారం పొద్దున మీటింగులో మా ప్రాజెక్టు పనులన్నీ చదివాక, చివర్లో లేచి నిలబడి, "హైదరాబాద్ సాన్ ఎడమ బూటు. పని జరుగుతోంది," అనేవాడు. అందరూ నా వైపు తిరిగి విచారంగా తలలు వంచేవాళ్ళు. నేను విమానం ఎక్కే వారం కూడా అది పెండింగులోనే ఉంది.

*

హైదరాబాద్‌లో దిగుతూనే జలుబూ జ్వరమూ పట్టుకుని హాస్టల్లో పడుకున్నాను. రూమ్మేట్ నా రీలు తీసుకెళ్ళి అమీర్‌పేటలో ఫోటోలు కడిగించి తెచ్చాడు. మంచం మీద పేకముక్కల్లా పరిచాడు. అన్నీ తెలుపే. ఒకదాంట్లో మాత్రం మూలన బోర్డు అంచు కనిపిస్తోంది.

"గిదేందన్నా? మన హాస్టల్ గోడకు సున్నమేసినప్పుడు తీసినవా?"

"ఫ్యూజీరా అది."

"గీ తెల్లదా? గా తెల్లదా?" అన్ని ఫోటోలూ చేత్తో పట్టుకుని తిప్పి చూశాడు. తర్వాత నా కథంతా విన్నాడు. విని, నా మంచం కిందికి దూరి, ట్రంకు పెట్టె జరిపి వెతికాడు.

"ఏం జూస్తున్నవ్‌రా?"

"ఎడమ బూటు. ఈడనే యాడనో దాచినవ్. అన్నా, నీకు దండం పెడ్త, జర ఆమెకు గిది చెప్పకు. నిజమని చెప్పి గీ కథ జెప్పినవనుకో, లగ్గం గాదు గదా, చాయ్ సుత తాపది. ఏదన్న నమ్మేటట్టుండేది జెప్పు. పొద్దుగాల రైలెక్కిన, పొద్దుమీకి దిగిన అని జెప్పు."

వాడు చెప్పింది సబబుగానే ఉంది. అదే నన్ను కుంగదీసింది.

శుక్రవారం సాయంత్రం ఇరానీ హోటల్లో ఆమె నాకంటే ముందే వచ్చి కూర్చుంది. పక్క కుర్చీలో బట్టల దుకాణం సంచి. పెళ్ళిచూపుల చీర అనుకున్నాను.

"ఆదివారం సాయంత్రం వాళ్ళు వస్తున్నారు," అంది. "చెప్పండి. మొదట్నుంచి."

చెప్పాను. రైలెక్కిన సంగతి చెప్పనే లేదు. కొండే చెప్పాను. ఆమె చేతులు కట్టుకుని వింది.

"రాతిబొమ్మలకి ఉన్ని టోపీలా? అబద్ధం."

"కాదండి."

"కొండ మీద కరెంటు కాఫీ. అబద్ధం."

"డబ్బా ఇంత వేడిగ ఉండె, చెయ్యి కాలింది."

"సరే. అందరూ బూట్లతో వెళ్తుంటే మీరెందుకు విప్పారు?"

"గుడి కదండి."

"జతగా ఎందుకు పెట్టలేదు?"

"మీరెప్పుడన్న కొత్త చెప్పులు గుడి బయట జతగా పెట్టిండ్రా?"

"లేదు. ఒకటి పూలకొట్టు దగ్గర, ఒకటి కొబ్బరికాయల కొట్టు దగ్గర పెడతాను," అంది ఒప్పుకుంటున్నట్టు. "తర్వాత?"

గడ్డిచెప్పుల దాకా వచ్చాను. ఆమె ముందుకు వంగింది. కళ్ళు పెద్దవి చేసింది. "అంత మంచులో, అడవిలో, గడ్డిచెప్పులతో దిగారు. మరి ఏమీ జరగలేదా?"

ఇలాంటి ప్రశ్న అడిగితే నాలాంటివాడికి ఏమవుతుందో మీకు తెలుసు. అది అప్పుడే దేవదారు చెట్టు వెనక నుంచి లేచి నిలబడింది. నల్లగా, మెడ కింద తెల్లటి చారతో, నిద్ర చాలక ఎర్రబడ్డ కళ్ళతో. నాలుక చివరిదాకా వచ్చింది. పాలరాతి బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

"ఏం జరగలేదండి. దిగిన."

"ఎలుగుబంటి?"

"నిద్రపోతుండె."

"మరి ఎడమ బూటు?"

"ఇంక రాలేదండి. పెండింగ్ ఉన్నది. ఫోటోలున్నయి గానీ..." తెల్ల ఫోటోలు బల్ల మీద పెట్టాను. పెట్టాక, పెట్టకుండా ఉండాల్సింది అనిపించింది.

ఆమె వాటిని ఒక్కొక్కటే తీరిగ్గా చూసింది. తర్వాత పక్క కుర్చీలో సంచి తీసి, అందులోంచి నా ఎడమ బూటు బయటికి లాగి, ఫోటోల మీద పెట్టింది.

నిగనిగలాడేట్టు పాలిష్ చేసి ఉంది. కొత్త లేసు. లోపల జపాన్ పేపర్ ఉండలు. మళ్ళీ తప్పిపోకుండానో ఏమో, లేసుకి ఒక చిన్న గంట కట్టి ఉంది. పెద్దాయన సంచికి ఉండే గంట అది.

"మేడం," అన్నాడు వెయిటర్ కప్పులు తీసుకుపోతూ, "గా బూటు జర కింద పెట్టుండ్రి. తినే టేబులది."

నేను వెళ్ళిపోయాక పోలీసుల దగ్గర బూటు దొరికిందట. పెద్దాయన దాన్ని మా ఆఫీసుకు పంపాడు. నేను జ్వరంతో పడుకుని ఉన్నప్పుడు పార్సిల్ వచ్చింది. కస్టమ్స్‌వాళ్ళు చీల్చి చూసి, మళ్ళీ టేపు వేసి పంపారు. విదేశీ పార్సిళ్ళు ఎవరి బల్ల మీదికి వస్తాయో మీకు ముందే చెప్పాను.

"ఒక్క బూటు, దానికో గంట. జపాన్ నుంచి," అంది ఆమె. "ఏం జరిగుంటుందా అని మూడు రోజులుగా బుర్ర పగిలిపోతోందండీ నాకు. మీరు ఏ కథ చెబుతారో చూద్దామని దాచాను."

"మరి ఇందాక అన్నిటికీ అబద్ధం అబద్ధం అన్నరు?"

"గట్టిగా అంటే మాట మారుస్తారేమో అని." బూటు చేతిలోకి తీసుకుని గంట ఒకసారి మోగించింది. "ఎలుగుబంటి దగ్గర పడిపోతారనుకున్నాను. పడలేదు." ఆ మాటలో మెప్పుతో పాటు కాస్త నిరాశ కూడా ఉందని నాకు అనిపించింది గానీ, అప్పుడు పట్టించుకోలేదు.

ఆదివారం పొద్దున్నే రమ్మంది. వాళ్ళు వచ్చేది సాయంత్రం.

*

శ్రీనగర్ కాలనీలో వాళ్ళ గుమ్మం ముందు రెండు బూట్లూ విప్పాను. పక్కపక్కనే, జతగా పెట్టాను. గంట మోగింది. లోపల ఆమె నాన్నగారు పేపర్ చదువుతున్నారు. ఆ మనిషి ముఖంలో ఏ కండరమూ అవసరం లేకుండా కదలదు.

"అన్నదమ్ములెంతమంది?" అన్నారు పేపర్ లోంచి.

"ఇద్దరండి."

ఆమె తలుపు పక్క నిలబడి ఉంది. ఊపిరి వదిలింది.

ఆయన ఉద్యోగం అడిగారు, జపాన్ ఎప్పుడు వెళ్ళావని అడిగారు, ఊరు అడిగారు, పొలం ఎంతని అడిగారు. అన్నిటికీ ఉన్నదే చెప్పాను. ఉన్నది చెబుతున్నకొద్దీ ఆయన పేపర్ పైకి లేస్తోంది. చివరికి నాకు ఆయన కనిపించడం మానేశారు. సాయంత్రం వచ్చేవాళ్ళకి ఉన్నదేదో నాకంటే ఎక్కువే ఉంటుందని ఆ పేపర్ చెబుతోంది. బయట గాలికి గంట మళ్ళీ టింగుమంది.

"ఏంటా గంట?" అన్నారు.

"ఆయన బూటుది నాన్నా," అంది ఆమె. "జపాన్ కొండ మీద ఎలుగుబంట్ల కోసం కట్టుకుంటారు."

పేపర్ కాస్త దిగింది. "ఎలుగుబంట్లా? వచ్చిందా ఏంటి?"

ఆమె నా వైపు చూసింది. నన్ను ఒక్క ముక్క కూడా కలపొద్దన్న మనిషి. చాయ్ బల్ల దగ్గర నా చేత ప్రమాణం చేయించినంత పనిచేసిన మనిషి. కళ్ళు తిప్పుకోకుండా, ముఖంలో ఏ మార్పూ లేకుండా, "వచ్చింది నాన్నా," అంది.

ఆయన పేపర్ పూర్తిగా దించి, కళ్ళజోడు సర్దుకుని, నా వైపు తిరిగారు. "చలికాలం వెళ్ళానన్నావు కదయ్యా. చలికాలంలో అవి నిద్రపోతాయి కదా?"

"అవునండి," అన్నాను. "ఇది నిద్ర పట్టనిదండి."

ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టారు. లోపలికి తిరిగి, "ఏమేవ్," అని కేకేశారు, "ఈ అబ్బాయికి కాఫీ పట్రా. సాయంత్రం వాళ్ళకి ఇవాళ కుదరదని ఫోన్ చెయ్యి, ఇది ఇప్పట్లో తేలేట్టు లేదు." కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "ఊఁ. ఎంత ఎత్తుంటుంది?"